మాడిన రాయి

రోండా చేసే ఉద్యోగం ఏమిటో ఆమె కన్నతల్లికే సరిగ్గా తెలియదు. "ఆసుపత్రిలో ముసలివాళ్లతో పేకాట ఆడుతుంది మా అమ్మాయి. దానికి జీతం కూడా ఇస్తారు" అని ఇరుగుపొరుగుతో చెప్పుకునేది. ఆవిడ తప్పేమీ లేదు. వార్డులో డాక్టర్లు నాడి చూస్తారు, నర్సులు మందులిస్తారు, కసరత్తు చేయించే గార్త్ కాళ్లూ చేతులూ వంచుతాడు. రోండా మాత్రం పేకముక్కలు, ఊలు ఉండలు, విత్తనాల పొట్లాలు, చేపల గేలాలు సంచీలో వేసుకుని తిరుగుతుంది. పక్షవాతం వచ్చినవాడైనా, తుంటి విరిగిన అవ్వైనా, ఎవరొచ్చినా ఆమె మొదట అడిగే మాట ఒకటే. "పని లేనప్పుడు మీకేం చేయడం ఇష్టం?" ఆ ఇష్టం కొస దొరికితే చాలు, దాన్ని పట్టుకుని మనిషిని మెల్లగా మంచం మీంచి లేపి మళ్లీ లోకంలోకి లాక్కొస్తుంది. రిక్రియేషన్ థెరపిస్టు అంటారు ఆమెను. చదివి, పరీక్ష రాసి తెచ్చుకున్న పేరే. అయినా గార్త్ ఎప్పుడూ "ఆటల టీచరమ్మ వచ్చిందర్రా" అని వేళాకోళం ఆడుతుంటాడు.

ఆ చలికాలంలో ఆ వార్డుకు నెస్టర్ హావ్రిలుక్ వచ్చాడు. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో డోబ్రిన్ అనే చిన్న ఊరు ఆయనది. ఊరవతల గోధుమ పొలం, ఆవులు, పెద్ద ట్రాక్టరు కొట్టం. ఆ కొట్టం ముందు మంచు ఎత్తిపోస్తూ పార చేతిలో ఉండగానే కుప్పకూలిపోయాడు. కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు బరువెక్కింది, మాట పోయింది. పూర్తిగా పోయిందని కూడా అనలేం. అవునని చెప్పబోతే కాదని వచ్చేది, కాదనబోతే అవునని వచ్చేది. తిట్లు మాత్రం కడిగిన ముత్యాల్లా వచ్చేవి. అలాంటి జబ్బులో అంతేనట. ఆలోచించి చెప్పాల్సిన మాటలన్నీ చెదిరిపోతాయి, అలవాటైపోయిన తిట్టు మాత్రం నాలుక చివరే కూర్చుని ఉంటుంది. మొదటి రోజు గార్త్ ఆయన మోకాలు వంచగానే, "నీ మొహం మండ!" అన్నాడు. వార్డంతా వినిపించింది. భార్య పావ్లినా సిగ్గుతో చచ్చిపోయింది. రోండాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. తిట్టేవాడిలో ఇంకా నిప్పుందన్నమాట.

"పని లేనప్పుడు ఈయన ఏం చేస్తారు పావ్లినా గారూ?" అని అడిగింది రోండా.

"ఇంకేముంది, కర్లింగ్! నవంబరు నుంచి మార్చి దాకా నాకు మొగుడు లేడనే లెక్క తల్లీ. ఇల్లు తగలబడుతోందని కబురంపినా, ఈ ఒక్క రాయి వేసి వస్తానంటాడు."

మంచంలో ఉన్న నెస్టర్ కళ్లు మెరిశాయి. "కాదు, కాదు" అన్నాడు తల గట్టిగా ఊపుతూ. అంటే అవునని.

ఆ ఊళ్లలో పెద్దాచిన్నా అందరికీ ఆ ఆట తెలుసు. గడ్డకట్టిన మంచు నేల మీద గుండ్రటి బండరాయిని జారవిడుస్తారు. అవతలి కొసన రంగు వలయాలుంటాయి, దాన్ని ఇల్లు అంటారు. ఆ ఇంటి నడిమధ్యకు ఎవరి రాయి దగ్గరగా చేరితే వాళ్లది గెలుపు. రాయి ముందు చీపుళ్లతో తుడుస్తూ పరుగెత్తేవాళ్లు కొందరు, అవతల నిలబడి అరిచేవాడు జట్టు పెద్ద. ఊరి ఆటల్లో పక్కన నిలబడి తప్పొప్పులు చెప్పే తీర్పరి ఎవరూ ఉండడు. జారుతున్న రాయికి చీపురు తగిలినా కాలు తగిలినా ఆ రాయి మాడిపోయినట్టే. ఎవరూ చూడకపోయినా తగిలించినవాడు తనంతట తానే చెయ్యెత్తి చెప్పాలి. రాయి తీసి పక్కన పెట్టాలి. అక్కడ దొంగతనం చేసినవాణ్నయినా క్షమిస్తారు గానీ, మాడిన రాయిని దాచుకున్నవాడి పక్కన కాఫీకి కూడా కూర్చోరు.

చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్లు కూడా ఆ ఆట ఆడే పద్ధతి ఉంది. పొడుగాటి కర్రను రాయి పిడికి తగిలించి ముందుకు తోస్తారు. వెనకాల ఒకరు కుర్చీని కదలకుండా పట్టుకుంటారు. రోండా డోబ్రిన్ వాళ్లకు ఫోన్ చేసింది. గురువారం మధ్యాహ్నం మంచు హాలు ఖాళీగా ఉంటుందన్నారు. ఆసుపత్రి వ్యాన్‌లో నెస్టర్‌నీ, ఇంకొందరు రోగుల్నీ ఎక్కించుకుని తీసుకెళ్లింది.

అక్కడ ఊరు ఊరంతా ఉంది. వంటింట్లో ఆడవాళ్లు బీట్‌రూట్ చారు కాచారు, క్యాబేజీ ఆకుల్లో అన్నం చుట్టి ఉడికించారు. పావ్లినా కూడా నడుముకు గుడ్డ చుట్టుకుని వాళ్లలో చేరిపోయింది. వంటింటి కిటికీ అద్దంలోంచి మంచు నేలంతా కనిపిస్తుంది. నెస్టర్‌తో ఏళ్ల తరబడి ఆడినవాళ్లు ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఏం మాట్లాడాలో తోచక "బాగున్నావు, బాగున్నావు" అన్నారు. బాగాలేడని అందరికీ కనబడుతూనే ఉంది.

నెస్టర్ ఎడమ చేత్తో కర్ర పట్టుకున్నాడు. మొదటి రాళ్లు అటూ ఇటూ పోయాయి. ఆఖరి రాయి మాత్రం తిన్నగా బయల్దేరింది. సరిగ్గా అప్పుడే, స్పర్శ లేని ఆ కుడి కాలు పాదం పెట్టే పలక మీంచి జారి, రాయి అంచుకు ఇలా తగిలీ తగలనట్టు తగిలింది. పెద్దగా ఎవరి కంటా పడలేదు. నెస్టర్ చూశాడు. కర్ర పక్కన పడేసి ఎడమ చెయ్యి పైకెత్తాడు.

రోండా కూడా చూసింది. ఆమె చదువులో ఒక పాఠం ఉంది. జబ్బుపడ్డ మనిషికి మొదటి రోజే గెలుపు రుచి చూపించాలి, అప్పుడు రెండో రోజు తనే వస్తాడని. అందుకని గట్టిగా నవ్వుతూ, "ఏం పర్లేదు నెస్టర్ గారూ! లెక్కే, లెక్కే!" అంది. అవతలి కొసకు నడిచి, ఇంటి అంచున ఆగిన రాయిని బూటుతో నెమ్మదిగా నడిమధ్యకు తోసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల కూడా వేశారు.

నెస్టర్ ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది కాసేపు. తర్వాత దాన్ని ఒళ్లో పెట్టుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు గార్త్ వచ్చి రమ్మంటే కళ్లు తెరవలేదు. ఆ మర్నాడు కూడా అంతే. మాటలు నేర్పే ఆవిడ బొమ్మలు చూపిస్తే గోడవైపు తిరిగాడు. తిండి రెండు చెంచాలకు మించి లోపలికి పోవడంలేదు. అన్నిటికంటే రోండాను భయపెట్టిందేమిటంటే, తిట్లు ఆగిపోయాయి. గార్త్ కావాలని మోకాలు కొంచెం గట్టిగా వంచినా కిక్కురుమనలేదు.

"అలిసిపోయి ఉంటాడు" అనుకుంది రోండా. "దిగులేమో" అనుకుంది. ఊరి వాసన తగిలి ఇల్లు గుర్తొచ్చిందేమోనని ఆయన పొలం ఫొటోలు తెప్పించి గోడకు అంటించింది. ఆయన వాటినీ చూడలేదు.

ఆ తర్వాతి శుక్రవారం వార్డు పెద్దలందరూ కూర్చునే సమావేశం. డాక్టర్ ఫెన్విక్ చెడ్డ మనిషి కాదు. కానీ ఆవిడ దగ్గర ఉన్నవి కొద్ది మంచాలు, బయట ఎదురుచూసేవాళ్లు బోలెడు మంది.

"ఇక్కడ మంచం కావాలంటే మనిషి కష్టపడాలి" అంది ఆవిడ. "హావ్రిలుక్ గారు వారంగా దేనికీ రావడంలేదు. వచ్చే బుధవారం ఆయన్ని పెద్దవాళ్ల ఆశ్రమానికి పంపిద్దాం. ఉత్తరాన ఒకచోట ఖాళీ ఉంది."

ఉత్తరాన అంటే పావ్లినా కారు నడుపుకుంటూ వెళ్లలేనంత దూరం. అదీ మంచు తుఫాన్ల కాలం. నడక రాకుండా, మంచం మీంచి కుర్చీలోకి మారడం రాకుండా ఆయన అక్కడికి వెళ్తే ఇక అక్కడే ఉండిపోతాడు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు.

"నాకు బుధవారం దాకా వదిలేయండి" అంది రోండా.

"ఏం చేస్తావు? మళ్లీ ఆటకా?" అన్నాడు గార్త్. వెటకారంగా కాదు, నీరసంగా అన్నాడు. వాడికీ నెస్టర్ అంటే ఇష్టమే మరి.

సమావేశం అయ్యాక పావ్లినాకు ఈ కబురు చెప్పాల్సింది రోండానే. కారిడార్ చివర కుర్చీలో పావ్లినా మేజోడు అల్లుకుంటూ కూర్చుని ఉంది. అంతా విని, అల్లిక ఒళ్లో పెట్టుకుంది. ఏడుస్తుందనుకుంది రోండా. ఏడవలేదు.

"ఒక మాటంటాను, ఏమీ అనుకోకు అమ్మాయ్."

"అనండి."

"ఆ రోజు వంటింటి అద్దంలోంచి చూశాను. మాడిన రాయిని నువ్వు కాలితో ఇంట్లోకి తోశావు."

"ఆయన సంతోషపడతారని..."

"ఎలా సంతోషపడతాడే? నా రొట్టె మాడిపోయిందనుకో. అయ్యో పాపం ముసల్ది అని చర్చిలో దానికి నువ్వు మొదటి బహుమతి ఇచ్చావనుకో. ఆ పళ్లెం నీ నెత్తిన పగలగొట్టనూ?" పావ్లినా గొంతు తగ్గించింది. "నీకు తెలుసో లేదో. మా పెళ్లయిన కొత్తలో పెద్ద పోటీ జరిగింది. మొదటి బహుమతి ఫ్రిజ్. తెల్లటిది, లోపల దీపం వెలిగేది. మా ఇంట్లో అప్పటికి మంచుగుంటే ఫ్రిజ్. ఆఖరి రాయి ఈయనది. ఇంటి మధ్యలోకి బాణంలా పోయింది. జనం లేచి నిలబడ్డారు. ఈయనేమో చెయ్యెత్తాడు. చీపురు పీచు తగిలిందట! ఒక్క పీచు! భగవంతుడు కూడా చూడలేదు దాన్ని. కోతలయ్యేదాకా ఈ మనిషితో మాట్లాడలేదు నేను."

"అయ్యో."

"అయ్యో ఏంటి? ఆ ఫ్రిజ్ గెలిచినవాడి ఇంట్లో ఎప్పుడో తుప్పుపట్టిపోయింది. నెస్టర్ హావ్రిలుక్ చెయ్యెత్తాడన్న మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. మాట పోయింది, చెయ్యి పోయింది, కాలు పోయింది. తన తప్పు తాను చెప్పుకునే మనిషి అన్నదొక్కటీ మిగిలింది. చెయ్యెత్తి ఆ మాటా చెప్పాడు. మీరందరూ చిన్నపిల్లాడికి చప్పట్లు కొట్టినట్టు కొట్టారు."

రోండా పక్క కుర్చీలో కూలబడింది. పుండు మీద కారం చల్లి, అది చక్కెర అనుకున్నానా అని తనను తానే తిట్టుకుంది. ఎంతమందికి గెలుపు రుచి చూపించిందో! బింగోలో ఎవరి అంకె రాకపోతే వాళ్ల అంకె పిలిచింది, పేకాటలో మంచి ముక్క దాచుకుని ఓడిపోయింది. కొందరికి అది మందే అయింది. ఈయనకు విషమైంది.

"మరి ఇప్పుడేం చేయమంటారు?"

"నాకేం తెలుసు? చదువుకున్నది నువ్వు" అని పావ్లినా మళ్లీ అల్లిక అందుకుంది. రెండు కుట్లు వేసి, తనలో తాను అనుకున్నట్టు, "ఒరెస్ట్ గాడు ఇంతవరకూ చూడ్డానికి రాలేదు" అంది.

ఒరెస్ట్ బాజుక్ నెస్టర్‌కు ఎదుటి జట్టు పెద్ద. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ పోటీలు పడ్డవాళ్లే. శనివారం ఉదయం, చలికి ఇంజను బిగుసుకుపోకుండా రాత్రంతా కారుకు తగిలించిన కరెంటు తీగ పీకేసి రోండా డోబ్రిన్ వెళ్లేసరికి ఒరెస్ట్ మంచు హాల్లో నేల చదును చేస్తున్నాడు. ఆరడుగుల మనిషి, చెవుల దాకా దిగిన ఉన్ని టోపీ.

"నెస్టర్ గారితో ఆడాలి మీరు. రేపే. ఒక్కరితో ఒక్కరు" అంది రోండా.

"దానికేముంది తల్లీ. గెలిపిస్తాలే."

"గెలిపించకూడదు. ఓడించాలి."

ఒరెస్ట్ చేతిలో పని ఆపేశాడు. "నీకు మతి గాని పోయిందా అమ్మాయ్? కుర్చీలో ఉన్నవాణ్ని ఓడించమంటావా? మా ఆవిడ ఇంట్లో అడుగు పెట్టనిస్తుందా? చర్చిలో నా పక్కన ఎవరైనా కూర్చుంటారా? పోయాక పైవాడికి ఏం చెప్పుకోను?"

"ఓడించగలిగితేనే. మీరూ కుర్చీలో కూర్చుంటారు. మీరూ ఎడమ చేత్తోనే కర్ర పట్టుకుంటారు. ఆ తర్వాత ఎవరి సత్తా వాళ్లది."

"ఎడమ చేత్తో నాకు చారు తాగడమే రాదు."

"అయితే ఓడిపోండి. కానీ కావాలని ఓడిపోతే ఆయనకు తెలిసిపోతుంది."

ఒరెస్ట్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "తెలిసిపోతుంది. ఆ దొంగ వెధవకి అన్నీ తెలిసిపోతాయి" అన్నాడు. "నేనెందుకు రాలేదని అడగవేం? రెండుసార్లు ఆసుపత్రి దాకా వచ్చానమ్మా. కారు దిగలేకపోయాను. వాడు మాట్లాడలేడని తెలిశాక, నేనొక్కణ్నే ఏం మాట్లాడను? వాణ్ని తిట్టడం తప్ప నాకేం రాదు."

"అదే కావాలి ఆయనకి. రండి" అంది రోండా.

ఆదివారం చర్చి అయ్యాక ఒరెస్ట్ వార్డులోకి వచ్చాడు. నెస్టర్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఒరెస్ట్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. దగ్గాడు. రోండా గుమ్మం దగ్గరే ఆగింది. ఈయన ఇప్పుడు జాలిమాట ఒక్కటన్నా పని గోవిందా.

"ఏరా నెస్టర్‌గా, కాలితో తోసిన రాళ్లతో గెలుస్తున్నావట ఈ మధ్య? ఊరంతా చెప్పుకుంటున్నారు" అన్నాడు ఒరెస్ట్.

గోడవైపు ఉన్న తల కదిలింది.

"నాకు తెలిసిన నెస్టర్ అయితే అలాంటి గెలుపు మొహాన కొట్టేవాడు. ముసలాడివైపోయావు, ఏదో ఒకటి గెలిస్తే చాలనుకున్నావు కాబోలు. సర్లే, పడుకో. నేనొక్కణ్నే ఆడుకుంటా."

నెస్టర్ ఇటు తిరిగాడు. మొహం కందగడ్డలా ఉంది. ఎడమ చేత్తో దుప్పటి విసిరికొట్టాడు. ఆ చేత్తోనే తన బట్టల బీరువా చూపించాడు, రోండాను చూపించాడు, మళ్లీ బీరువా చూపించాడు. చలికోటు కావాలి ఆయనకి.

ఈసారి చప్పట్లు కొట్టేవాళ్లను ఎవర్నీ పిలవలేదు రోండా. హాల్లో వాళ్లిద్దరూ, రెండు కుర్చీలూ, వెనక పట్టుకోవడానికి రోండా, సెలవు రోజైనా "చూద్దాం పద" అని వచ్చిన గార్త్, అద్దం వెనక పావ్లినా. అంతే. నెస్టర్ కుడి పాదాన్ని పలకకు వెడల్పాటి పట్టీతో కట్టింది రోండా. ఆయన కట్టనిచ్చాడు. ఆట మొదలయ్యే ముందు చేతులు కలపడం అక్కడి మర్యాద. ఇద్దరూ ఎడమ చేతులే కలుపుకున్నారు. కళ్లలోకి మాత్రం చూసుకోలేదు.

ఒరెస్ట్ మొదటి రాయి పక్కగోడకు కొట్టుకుంది. రెండోది సగం దారిలో ఆగింది. "కర్ర వంకర" అన్నాడు. నెస్టర్ ముక్కుతో శబ్దం చేశాడు. అది నవ్వో ఈసడింపో రోండాకు తెలియలేదు. కానీ వారం తర్వాత ఆయన్నుంచి వచ్చిన మొదటి చప్పుడు అది.

రాళ్లు ఒకటొకటే పోతున్నాయి. నెస్టర్‌కు చెయ్యి కుదిరింది. ఎడమ చెయ్యి తోస్తుంటే నడుము కుడివైపు వాలిపోయేది. అయినా చూపు మాత్రం పాత చూపే. రాయి ఎక్కడ ఒంపు తిరుగుతుందో ముందే చూసి దానికి తగ్గట్టు వదులుతున్నాడు. ఇద్దరూ సరిసమానంగా వచ్చారు. అప్పుడు ఒరెస్ట్ ఒక రాయి వదిలాడు. అది ఇంటి దరిదాపులకు పోకుండానే మధ్యలో నీరసంగా ఆగిపోయింది. ఆయన కర్ర ఎంత మెల్లగా కదిలిందో రోండా చూసింది. పావ్లినా అద్దం వెనక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

నెస్టర్ కర్రతో మంచు మీద ఠపీమని కొట్టాడు. హాలంతా మోగింది.

"నీ మొహం మండ!" అన్నాడు.

స్పష్టంగా, ఒక్క అక్షరం జారకుండా అన్నాడు. గార్త్ పట్టుకున్న కుర్చీ వదిలేసి మళ్లీ పట్టుకున్నాడు. ఒరెస్ట్ తల దించుకున్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, "సరేరా. సరే. ఇక నీకు మూడింది" అన్నాడు.

అక్కడి నుంచి ఆట ఆటలా సాగింది. ఒరెస్ట్ నాలుక బయటపెట్టి గురి చూశాడు. నెస్టర్ ఆయన రాయిని కొట్టి తప్పించాడు. ఒరెస్ట్ తిట్టాడు. నెస్టర్ మళ్లీ ఆ ముక్కు చప్పుడు చేశాడు. ఈసారి అది నవ్వేనని అందరికీ తెలిసింది.

చివరికి ఇంట్లో ఒక్క రాయీ మిగల్లేదు; ఒరెస్ట్ రాయి ఒకటి మాత్రం ఇంటికి ఇవతల, అడ్డంగా ఉన్న ఎర్రగీతను దాటీ దాటగానే ఓ పక్కకు కూర్చుంది. నెస్టర్‌కు ఒక్క రాయి మిగిలింది. గీత దాటించి దాన్ని నడిమధ్యకు ఇంకొంచెం దగ్గరగా చేర్చగలిగితే గెలుపు ఆయనదే. చెయ్యి అలిసిపోయింది. చాలాసేపు చూసి, వదిలాడు. రాయి మెల్లగా, దారి తప్పకుండా వెళ్లింది. ఆ ఎర్రగీతతోనే చిక్కు. రాయి దాన్ని పూర్తిగా దాటాలి. రవ్వంత గీత మీద ఆగినా ఆటలోంచి తీసేయాలి. రాయి ఆ గీత దగ్గరికి వెళ్లింది, ఎక్కింది, దాటబోయింది, ఆగింది.

అద్దం వెనక పావ్లినా మునివేళ్ల మీద లేచి చూసింది.

దాటిందా, లేదా? ఇంతదూరం నుంచి చూస్తే దాటినట్టే ఉంది. రోండా కాలు, ఆ పాపిష్టి కాలు, అలవాటు చొప్పున అటువైపు కదలబోయింది. ఆమె దాన్ని నేలకు నొక్కిపట్టింది. ఎక్కడ లేని భయమూ పట్టుకుంది. ఈయన ఓడిపోతే, నిజంగా ఓడిపోతే, ఆ మంచంలోంచి ఇక లేవకపోతే? ఈ పూట తను చేసింది వైద్యమా, పాపమా?

గార్త్ ఒరెస్ట్ కుర్చీని అటువైపు తోసుకెళ్లాడు. ఒరెస్ట్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తలెత్తి నెస్టర్ వైపు తిరిగాడు.

"గీత మీదుందిరా" అన్నాడు. "తీసేయాల్సిందే."

కర్రతో ఆ రాయిని పక్కకు లాగేశాడు.

నెస్టర్ ఆ లాగడం చూశాడు. ఖాళీ అయిన గీతను చూశాడు. ఒరెస్ట్‌ను చూశాడు. అప్పుడు ఆయన మొహం, వారంగా గోడవైపే తిరిగి ఉన్న మొహం, ఎడమవైపు సగం మెల్లగా విచ్చుకుంది. ఎడమ చెయ్యి ముందుకు చాపాడు. ఓడినవాడు గెలిచినవాడికిచ్చే చెయ్యి అది. ఒరెస్ట్ దాన్ని రెండు చేతులా పట్టుకుని వదల్లేదు.

గెలిచినవాళ్లు ఓడినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని తాగడానికి ఏదో ఒకటి ఇప్పించాలి. అది కూడా అక్కడి మర్యాదే. నెస్టర్‌కు పల్చటివేవీ గొంతు దిగవు, పొలమారుతుంది. పొడి కలిపి చిక్కబరిచి ఇవ్వాలి. ఒరెస్ట్ కాఫీ తెప్పించి, తనే పొడి వేసి కలుపుతూ మొహం వికారంగా పెట్టాడు.

"ఇదేం కాఫీరా, జావ కాచినట్టుంది! ఇది తాగా నువ్వు నాతో అంతసేపు ఆడింది? మామూలు కాఫీ తాగుంటే ఏం చేసేవాడివో!"

"కాదు" అన్నాడు నెస్టర్, తల నిలువుగా ఊపుతూ. తాగేశాడు. పావ్లినా పెట్టిన క్యాబేజీ చుట్టలు రెండు తిన్నాడు, ఒరెస్ట్ పళ్లెంలోంచి మూడోది లాక్కున్నాడు.

వ్యాన్ ఎక్కించేటప్పుడు రోండా కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "నెస్టర్ గారూ, ఆ రోజు నేను చేసింది తప్పు" అంది. ఆయన ఆ మాట పట్టించుకోలేదు. అది ఆయనకు పాత కథ అయిపోయింది. ఎడమ చేత్తో తన నడుము కుడివైపు గట్టిగా కొట్టుకుని చూపించాడు. ఆ చెయ్యి గాల్లో ముందుకు చాపి, ఉన్నట్టుండి ఆగిపోయినట్టు చూపించాడు. మళ్లీ నడుము కొట్టుకున్నాడు. ఆ తర్వాత గార్త్ వైపు వేలు చూపించాడు.

"ఏమంటున్నారు?" అన్నాడు గార్త్.

"నడుము నిలబడక రాయి ఆగిపోయిందంటున్నారు" అంది రోండా. "ఆ నడుమేదో నిన్ను చూడమంటున్నారు."

సోమవారం పొద్దున గార్త్ ఇంకా కోటు విప్పకముందే నెస్టర్ గంట మోగింది. వెళ్లి చూస్తే మంచం అంచున, పక్కకు ఒరిగిపోతూ, కూర్చుని ఉన్నాడు. చెప్పులు తొడగమని పాదం చూపిస్తున్నాడు. ఆ పూటంతా కసరత్తు గదిలోంచి తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి. మంగళవారం డాక్టర్ ఫెన్విక్ అటుగా వెళ్తూ ఆగింది. నెస్టర్ రెండు కడ్డీల మధ్య నిలబడి ఉన్నాడు. గార్త్ ఆయన నడుము పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంటున్నాడు. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. తర్వాత రోండా గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఏం చేశావమ్మా ఆయన్ని?"

"ఓడించాం" అంది రోండా.

డాక్టరమ్మ అర్థమైనట్టు తలూపింది. అర్థమై ఉండదు. "ఉత్తరాన ఉన్న ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చేస్తాను. ఈయన ఇక్కడే ఉంటాడు. నడిచి ఇంటికి వెళ్తాడో లేదో తర్వాత చూద్దాం" అని వెళ్లిపోయింది.

రోండా కారిడార్‌లోకి పరుగెత్తింది. అక్కడి ఫోన్ దగ్గర పావ్లినా అప్పటికే నిలబడి ఉంది. గార్త్ ముందే చెప్పేశాడు కాబోలు. పావ్లినా మేజోడు చంకలో ఇరికించుకుని, పక్క వార్డుకు కూడా వినిపించేంత గట్టిగా వాళ్ల చెల్లెలితో మాట్లాడుతోంది.

"పంపించరట! ఇక్కడే ఉంచుతారట! ... ఆఁ, ఒరెస్ట్‌తో ఆడాడు. ... గెలవడమా? ఎక్కడి గెలుపే! ఓడిపోయాడు! చిత్తుగా ఓడిపోయాడు! ... నిజం, దేవుడి మీద ఒట్టు, ఒక్కరు కూడా జాలి పడలేదు!"

రోండా గోడకు ఆనుకుని అలాగే నేల మీదికి జారి కూర్చుంది. ఏడుపొస్తుందనుకుంది గానీ నవ్వే వచ్చింది. అటుగా మందుల బండి తోసుకొస్తున్న నర్సు ఆగి, "ఏమైంది? లేవగలవా?" అంది. కాసేపు ఇలాగే ఉండనివ్వమని రోండా చేత్తోనే చెప్పింది.